స్లాబుకి ముందు ఇసుక, పిక్క (కంకర), క్రషర్ డస్టు ఎలా చూసుకోవాలి (గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి వైపు ఇల్లు కట్టేవాళ్లకి)

తర్వాత చదివేవాళ్లకి తెలియడానికి ముందు ప్రశ్న రెండు ముక్కల్లో చెప్తాను. అడిగిన బాబుది గుణుపూర్. 1,200 చదరపు అడుగుల ఇల్లు కడుతున్నారు. పునాది అయింది, పిల్లర్లు లేచాయి, వచ్చే నెలలో స్లాబు. వంశధార ఇసుక సరిగ్గా దొరకడం లేదు, దొరికినా ధర మండిపోతోంది. క్రషర్ నుంచి డస్టు తెచ్చి సగానికి సగం ఇసుకలో కలిపేద్దామని మేస్త్రీ అంటున్నాడు. పిక్క రెండు చోట్ల చూశారు. ఒకటి నల్లగా ఉంది. ఇంకోదాంట్లో ఎరుపు, తెలుపు చారలున్నాయి, ట్రాక్టరుకి కొంత తక్కువకి వస్తోంది. ఏది తీసుకోవాలి, డస్టు కలపొచ్చా అన్నది ప్రశ్న. బేస్‌మెంటు నింపడానికి ఎర్ర గ్రావెల్ పనికొస్తుందా అని కూడా చివర్లో అడిగారు.

ఎర్ర చారల పిక్క తీసుకోవద్దు. డస్టు స్లాబులో వెయ్యొద్దు. ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయాలో కింద రాస్తున్నాను. రాయగడ జిల్లాలో చాలా ఏళ్లుగా కట్టుబడి పనులు చూస్తున్నవాడిగా చెప్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ఇల్లు కట్టేవాళ్లు సిమెంటు ఏ కంపెనీదో అడుగుతారు, ఇనుము ఏ గ్రేడో అడుగుతారు. పిక్క ఏ కొండదని అడిగేవాళ్లు అరుదు. కాంక్రీటులో ఇంచుమించు ముప్పావు వంతు ఇసుకా రాయే. సిమెంటు వాటిని అతికించే బంక మాత్రమే. రాయే గుల్లదైతే ఎంత మంచి సిమెంటు పోసినా ఆ రాయికున్న బలాన్ని మించి కాంక్రీటుకి బలం రాదు. ఈ విషయం మిగతా ఊళ్లవాళ్ల కంటే మనకి ఎక్కువ అవసరం, ఎందుకంటే మన కొండల్లో మంచి రాయీ చెడ్డ రాయీ పక్కపక్కనే ఉంటాయి.

రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల కొండలన్నీ తూర్పు కనుమలే. వీటిలో ఎక్కువగా కనబడే రాయి ఖొండలైట్. ఎర్రటి గార్నెట్ గింజలు, తెల్లటి పొరలు, అక్కడక్కడ తుప్పు రంగు చారలతో ఉంటుంది. లోతులో గట్టిగానే ఉండొచ్చు గానీ ఎండకీ వానకీ తొందరగా మెత్తబడిపోయే రాయి ఇది. కోణార్క్ గుడి 13వ శతాబ్దంలో కట్టారు, అందులో ఎక్కువ భాగం ఈ ఖొండలైటే. అక్కడి శిల్పాలు ఎంతగా అరిగిపోయాయో చూసినవాళ్లకి తెలుసు. నియమగిరి మీద, కొరాపుట్‌లోని పంచపట్మాలి మీద ఉన్న బాక్సైట్ కూడా ఇదే రాయి లక్షల ఏళ్లు నాని, కుళ్లి తయారైనదే. వాన నీటికి అల్యూమినియం ఖనిజంగా మారిపోయే స్వభావం ఉన్న రాయిని మనం తీసుకెళ్లి స్లాబులో వేస్తే ఎలా?

రెండో రకం చార్నకైట్. నల్లగా, కొంచెం నీలం లేదా ఆకుపచ్చ ఛాయతో, పగలగొట్టిన ముఖం మీద నూనె రాసినట్టు మెరుస్తుంది. చాలా గట్టి రాయి. మూడోది గ్రానైట్ జాతి రాయి, నలుపు తెలుపు పట్టీలతో ఉంటుంది. ఈ రెండూ స్లాబుకి, పిల్లర్లకి బాగుంటాయి. మీరు చూసిన నల్ల పిక్క చార్నకైట్ అయ్యుండొచ్చు. అలాగని రంగు చూసి నమ్మేయొద్దు. మంచి క్వారీలో కూడా పై పొర రాయి పుచ్చి ఉంటుంది. కొత్తగా తెరిచిన క్వారీ వాళ్లు ఆ పై రాయినే ముందు క్రషర్‌లో వేస్తారు. లోతు రాయి కావాలని అడగండి, వీలైతే బండెక్కి వెళ్లి ఏ ముఖం నుంచి రాయి తీస్తున్నారో చూసి రండి.

కొనే ముందు చేతిలో పరీక్షలు ఉన్నాయి. ఇరవై ముక్కలు ఏరి ఒక్కొక్కదాన్ని బండ మీద పెట్టి సుత్తితో కొట్టండి. మంచి రాయి ఖంగుమంటుంది, పదునైన అంచులతో రెండు మూడు ముక్కలవుతుంది. పుచ్చు రాయి డబ్‌మని శబ్దం చేసి పొడి రాలుస్తుంది. మేకుతో గీకితే తెల్లపిండి వస్తే ఆ రాయిలో ఒక భాగం అప్పటికే మట్టిగా మారిపోయిందని అర్థం. తర్వాత కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా దొరికితే ఇంకొకటి చేయండి. బాగా ఎండిన పిక్క 2 కిలోలు తూచి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, పైతడి గుడ్డతో తుడిచి మళ్లీ తూచండి. 40 గ్రాములు పెరిగితే రాయి 2 శాతం నీళ్లు తాగిందన్నమాట. అంతకు మించి తాగిన రాయిని నేను స్లాబులో వేయనివ్వను. ల్యాబ్‌లో అయితే ఇంపాక్ట్ పరీక్ష చేస్తారు, అంటే దెబ్బలకి రాయి ఎంత శాతం పొడి అవుతుందో చూస్తారు. పైన బండ్లు తిరిగే కాంక్రీటుకి ఆ విలువ 30 శాతం లోపు ఉండాలి, మామూలు కాంక్రీటుకి 45 వరకు ఐఎస్ 383 (కాంక్రీటులో వేసే ఇసుక, పిక్కలకి ఉన్న భారత ప్రమాణం) ఒప్పుకుంటుంది. విలువ ఎంత తక్కువైతే రాయి అంత గట్టిది. క్రషర్ వాళ్లు పెద్ద రోడ్డు పనులకి పిక్క ఇస్తుంటే ఆ రిపోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

ఎర్ర చారల పిక్కతో పోసిన ఒక ఇంటి పిల్లరుకి కొన్నాళ్ల తర్వాత గేటు బిగించాలని డ్రిల్లు పెట్టారు. నేనక్కడే ఉన్నాను. బిట్టు లోపలికి పోతుంటే బయటికి రావాల్సింది బూడిద రంగు పొడి. గోధుమ రంగు మట్టి రాలింది. ఆ ఇంటాయన సిమెంటులో ఒక్క బస్తా కూడా తగ్గించలేదు. పిక్కలో మిగుల్చుకున్నది మాత్రం చాలా చిన్న మొత్తం. అందుకే ట్రాక్టరుకి కొంత తక్కువ అన్న మాట మీ ప్రశ్నలో చదవగానే నాకు టెన్షన్ వచ్చింది.

ఆకారం కూడా చూడాలి. బిళ్లల్లా పల్చగా, సూదుల్లా పొడుగ్గా ఉన్న ముక్కలు ఎక్కువైతే వాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి, సిమెంటు పాలు ఎక్కువ పడతాయి, కమ్మీల సందుల్లో ఇరుక్కుని కాంక్రీటు గుల్లబారుతుంది. ఈ రెండు రకాలూ కలిపి 40 శాతం దాటకూడదని ఐఎస్ 383 చెప్తుంది. పాత జా క్రషర్ (రెండు దవడల మధ్య రాయిని నలిపే యంత్రం) ఒక్కటే ఉన్న చోట బిళ్లలు ఎక్కువ వస్తాయి. దోసెడు పిక్క పరిచి చూస్తే కంటికే తెలిసిపోతుంది.

సైజు సంగతి. మీ స్లాబు మందం 5 అంగుళాలు అనుకుంటున్నాను. పెద్ద పిక్క సైజు మందంలో నాలుగో వంతు దాటకూడదు, కాబట్టి 20 ఎంఎం సరిపోతుంది. కానీ మొత్తం 20 ఎంఎం ఒకే సైజు వేస్తే ఖాళీలు మిగిలిపోతాయి. మూడు పాళ్లు 20 ఎంఎం, రెండు పాళ్లు 12 ఎంఎం కలపమనండి. కమ్మీలు దట్టంగా ఉన్న బీము, పిల్లరు కలిసే చోట చిన్న పిక్క కాస్త ఎక్కువున్నా మంచిదే. 40 ఎంఎం పునాది కింద బెడ్డుకే. పిక్క మీద అంటుకున్న రాతి పొడిని స్లాబుకి ముందు రోజు పైపు పెట్టి కడిగేయండి. పొడి పొర ఉంటే సిమెంటు రాయిని పట్టుకోదు. వేసవిలో ఆ తడికి రాయి కూడా చల్లబడుతుంది, కలిపిన నీళ్లని లాక్కోదు.

ఇక ఇసుక. వంశధార, నాగావళి, పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయ, మూడూ కొండల నుంచి దిగే నదులే కాబట్టి ఇసుక సాధారణంగా గరుకుగా, కాంక్రీటుకి పనికొచ్చేలా ఉంటుంది. అందులో కనబడే ఎర్రటి మెరుపు గింజలు గార్నెట్, గట్టివే, వాటికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది బంకమట్టికీ, తళతళలాడే అభ్రకం రేకులకీ. వరద తగ్గాక ఒడ్డున మేట వేసిన ఇసుకలో ఒండ్రు ఎక్కువ ఉంటుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత వచ్చినలాంటి వరద ఇసుకైతే మరీను.

దీనికి జాడీ పరీక్ష ఉంది, ఇంట్లో చేయొచ్చు. నిటారుగా ఉన్న గాజు సీసా తీసుకోండి. లీటరు నీళ్లకి రెండు చెంచాల ఉప్పు చొప్పున కలిపిన నీళ్లు పోసి, సీసా సగం దాకా వచ్చేలా ఇసుక వేసి, ఇసుక పైన నీళ్లు బాగా నిలిచేలా ఇంకొంచెం ఉప్పునీళ్లు పోసి మూత పెట్టి గట్టిగా కుదపండి. 3 గంటలు కదపకుండా ఉంచితే ఇసుక అడుగున, ఒండ్రు పైన వేరు పొరగా తేలుతుంది. ఇసుక పొర ఎత్తుని 100 అనుకుంటే ఒండ్రు పొర 8 దాటకూడదు. దాటితే ఆ ఇసుక కడిగి వాడాలి, లేదా వెనక్కి పంపాలి. లోడు దింపేశాక చేస్తే లాభం లేదు. ముందు రోజే శాంపిల్ తెప్పించుకుని చేయండి, లోడు వచ్చినప్పుడు దోసిట్లో పట్టి అదేనా కాదా పోల్చుకోండి.

ఇసుకలో మెత్తన, గరుకు తేడాని ఐఎస్ 383 నాలుగు జోన్లుగా చెప్తుంది. జోన్ 1 బాగా గరుకు, జోన్ 4 బాగా మెత్తన. స్లాబుకి జోన్ 2 అన్నిటికంటే అనుకూలం, జోన్ 4 కమ్మీ కాంక్రీటులో ప్రత్యేకంగా పరీక్ష చేయించకుండా వేయకూడదు. ప్లాస్టరింగ్‌కి మెత్తనిదే కావాలి. కాబట్టి రెండు లోడ్లలో మెత్తనిది ఏదో చూసి దాన్ని ప్లాస్టరింగ్‌కి దాచండి.

ఇప్పుడు మీ మేస్త్రీ చెప్పిన డస్టు. రాతి ఇసుక వేరు, డస్టు వేరు. ఈ తేడా తెలియకే చాలా ఇళ్లు పాడవుతున్నాయి. డస్టు అంటే పిక్క కొట్టేటప్పుడు జల్లెడ కింద రాలిపోయిన మిగులు. దాన్ని ఎవరూ ఇసుకలా తయారు చేయలేదు. గింజలు బిళ్లలుగా ఉంటాయి, ముఖం పౌడరంత మెత్తని పొడి విపరీతంగా ఉంటుంది, క్వారీ పై మట్టి కూడా కలిసే అవకాశం ఉంది. రాతి ఇసుక, అంటే ఎం శాండ్, జనం రోబో ఇసుక అనేది, వేరే యంత్రంలో తయారవుతుంది. వీఎస్‌ఐ అనే ఆ యంత్రం రాళ్లని ఒకదానికొకటి విసిరి కొడుతుంది, అంచులు విరిగి గింజ కాస్త గుండ్రబడుతుంది. తర్వాత నీళ్లతో కడిగో, గాలి పట్టించో అధిక పొడి తీసేస్తారు. 2016లో సవరించిన ఐఎస్ 383 ఈ తయారీ ఇసుకని కాంక్రీటుకి పూర్తిగా ఒప్పుకుంది. 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి నది ఇసుకలో బరువు ప్రకారం 3 శాతం, రాతి ఇసుకలో 15 శాతం వరకు ఉండొచ్చు. రాతిపొడి బంకమట్టి అంత చెడ్డది కాదు కాబట్టి ఆ సడలింపు. అందువల్ల జాడీ పరీక్షలోని 8 శాతం లెక్క నది ఇసుకకే వాడండి. రాతి ఇసుకకి ల్యాబ్ రిపోర్టు అడగండి.

డస్టు వేస్తే ఏమవుతుందో చెప్తాను. మెత్తని పొడి నీళ్లు తాగేస్తుంది. మాలు గట్టిగా, జిగురుగా అవుతుంది, పార ఆడదు. మేస్త్రీ ఇంకో బకెట్టు నీళ్లు కొడతాడు. పని సులువవుతుంది, స్లాబు పైకి నున్నగా కనిపిస్తుంది. ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక ఆ చోటంతా సన్నటి రంధ్రాలుగా మిగిలిపోతుంది. బలం పడిపోతుంది, పైన వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి, రెండు మూడు వానాకాలాలు గడిచాక కింద చెమ్మ కనిపిస్తుంది. మీ మేస్త్రీ మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు. కలిపితే మాలు కుదురుతోంది కదా అన్నదే అతను చూస్తున్నాడు.

నది ఇసుక నిజంగా చాలకపోతే సగం నది ఇసుక, సగం మంచి ఎం శాండ్ కలపండి. నాకు నచ్చిన పద్ధతి అది, రెంటి లోపాలూ ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. డస్టు అంత చౌకగా వస్తుంటే ఒక ట్రాక్టరు వేయించుకోండి, ఫ్లోరింగ్ కింద పరవడానికి, వాకిట్లో పేవర్ బ్లాకుల కింద వేయడానికి హాయిగా పనికొస్తుంది.

ఇసుక కొనడంలో ఇంకో నష్టం ఉంది, చాలామందికి తెలియదు. కాస్త తడిగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది. 4 నుంచి 6 శాతం తడి ఉంటే పరిమాణం 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. పూర్తిగా నీళ్లలో మునిగిన ఇసుక మళ్లీ పొడి ఇసుక ఎత్తుకే దిగిపోతుంది. అంటే మీరు తడి ఇసుక ఒక యూనిట్ కొంటే, అదే 100 ఘనపుటడుగులు, అందులో అసలు ఇసుక ఇంచుమించు 80 అడుగులే ఉండొచ్చు. కలిపేటప్పుడూ అంతే, పెట్టె నిండా పోసినా ఇసుక తక్కువ పడుతుంది. సీసాలో తడి ఇసుక 20 సెంటీమీటర్లు వదులుగా పోసి, నీళ్లు నింపి కలియబెట్టండి. 16కి దిగితే 4ని 16తో భాగించి చూడండి, 25 శాతం ఉబ్బు. అప్పుడు ఇసుక కొలతకి పావు వంతు అదనంగా వేయించండి. ఇక ట్రాక్టరు కొలత డ్రైవరు చెప్పినది కాదు. ట్రాలీ లోపలి పొడవు, వెడల్పు, ఇసుక నిలిచిన ఎత్తు టేపుతో మీరే కొలిచి గుణించుకోండి.

స్లాబు రోజు తట్టల లెక్క ఒప్పుకోవద్దు. తట్ట ఒకసారి నిండుగా, ఒకసారి సగంగా వస్తుంది. లోపల 35, 25, 40 సెంటీమీటర్లు ఉండే చెక్క పెట్టె చేయించండి. అది సరిగ్గా 35 లీటర్లు, అంటే 50 కిలోల సిమెంటు బస్తా పరిమాణం. ఎం20 అనే గ్రేడు మాలుకి బస్తాకి ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల పిక్క. నీళ్లు బస్తాకి 30 లీటర్లు దాటకూడదు, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోదే. ఈ ఒక్క విషయంలో మేస్త్రీతో గొడవ పడాల్సి వచ్చినా పడండి.

మీ స్లాబుకి లెక్క: 1,200 అడుగులు, 5 అంగుళాల మందం అయితే 500 ఘనపుటడుగుల కాంక్రీటు. బీములు కాకుండా సుమారు 114 బస్తాల సిమెంటు, 210 అడుగుల పొడి ఇసుక, 420 అడుగుల పిక్క పడుతుంది. ఇసుక తడిగా వస్తే 265 అడుగులు తెప్పించుకోండి. వేస్టేజీ, బీములు విడిగా కలుపుకోండి. దింపేటప్పుడు మట్టి నేల మీద కాకుండా పాత టార్పాలిన్ మీదో, ఇటుకలు పరిచిన చోటో దింపించండి. లేకపోతే అడుగున మిగిలిన అరడుగు పొర కూడా పనివాళ్లు పారతో గీకి మాలులో వేసేస్తారు, అందులో సగం మట్టే. రాత్రిపూట కప్పి ఉంచండి.

కాగితాల సంగతి మర్చిపోవద్దు. ఒడిశాలో ఇసుకైనా పిక్కైనా లోడుతో పాటు వై ఫారం ఉండాలి. 2016 నాటి చిన్న ఖనిజాల నియమాల ప్రకారం అది రవాణా పాసు. డ్రైవరు దగ్గర బండి నంబరు, తేదీ, పరిమాణం చూసి ఫోటో తీసి పెట్టుకోండి. పాసు లేని ఇసుక రాత్రిళ్లు చౌకగా వస్తుంది, పట్టుబడితే లోడు పోతుంది. అయినా నేను వద్దనేది జరిమానా గురించి కాదు. నదిలో ఇసుక ఉన్నంతవరకే ఒడ్డున ఉన్న బావుల్లో వేసవి నీళ్లు. ఇసుక పొరే వాన నీటిని పట్టి ఉంచుతుంది. లోతుగా తవ్విన రేవు పక్కన ఊటబావులు ఎండిపోతాయి, వంతెన స్తంభాల అడుగు బయటపడుతుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2016 మార్గదర్శకాల్లో వానాకాలంలో నదిలో తవ్వకం ఉండకూడదని ఉంది. కాబట్టి ప్లాస్టరింగ్ ఇసుక కూడా వానలు పడకముందే తెప్పించి పెట్టుకోండి. జులైలో వెతికితే దొరికేది దొంగ ఇసుకో, మట్టి ఇసుకో.

బరంపురం, గోపాలపూర్ వైపు నుంచి చదివేవాళ్లకి ఒక్క మాట. సముద్రపు ఇసుక ఎంత శుభ్రంగా, తెల్లగా కనిపించినా వద్దు. అందులోని ఉప్పు కమ్మీని తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది. పైగా ఛత్రపూర్ తీరపు ఇసుకలో ఇల్మనైట్, మోనజైట్ లాంటి ఖనిజాలున్నాయి, అక్కడ ఐఆర్‌ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ల ఆస్కామ్ ప్లాంటు ఉన్నది అందుకే. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది.

మీరు చివర్లో అడిగిన ఎర్ర గ్రావెల్ సంగతి. బేస్‌మెంటు నింపడానికి మన కొండ గ్రావెల్ బాగుంటుంది, నల్లమట్టి కంటే ఎంతో నయం. ఒకేసారి పోసి వదిలేయకుండా 6 అంగుళాలకొక పొర చొప్పున పోసి, నీళ్లు కొట్టి, దిమ్మిస తొక్కించండి. వేర్లు, ఆకులు ఏరేయండి.

రెండు రకాల పిక్కనీ పగలగొట్టి, పగిలిన ముఖం కనబడేలా పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెట్టండి. నానబెట్టి తూచిన బరువులు కూడా రాయండి. స్లాబు తేదీ ఖాయం చేసుకునేలోపే చూసి చెప్తాను.